ఎడమ ఐదు, కుడి ఏడు

నిచ్చెన సగంలో ఎప్పటిలాగే ఆగి, మోకాలు రుద్దుకుని, "పద తల్లీ, ఇంకొంచెమే" అని దాన్ని బుజ్జగించి అతను మళ్ళీ పైకెక్కాడు. పొద్దున ఎక్కితే షాపు మూసే వేళకే దిగడం. మధ్యాహ్నం తిండి కూడా అటక మీదే. మోకాలు ఒప్పుకోక కొంత, అలవాటు కొంత.

అది చెప్పుల షాపు. కింద అద్దాలు, దీపాలు, మెత్తటి కుర్చీలు. పైన, వంగి నడవాల్సినంత ఎత్తులో అటక. అటక నేలకు మధ్యలో చదరంగా ఒక కంత కోసి ఉంది. కిందనుంచి సేల్స్‌మన్ మోడలూ సైజూ అరుస్తాడు. ఇతను వెతికి అట్టపెట్టెను కంతలోంచి వదులుతాడు. కిందివాడు తలెత్తకుండానే పట్టుకుంటాడు. అందుకే షాపులో అందరూ అతన్ని పైవాడు అంటారు. సైజు దొరక్కపోతే "పైవాడి దయ లేదండీ, మేమేం చేస్తాం" అని కస్టమరుకు చెప్పి నవ్వుకుంటారు. ఇంత పెద్ద పేరు పెట్టించుకున్న మనిషి చూడబోతే సన్నగా, వీపు కాస్త వంగి, చెవుల మీద అట్ట దుమ్ముతో ఉంటాడు. ఆ వంపు వయసుతో వచ్చింది కాదు, అటక ఇచ్చింది.

ఆ రోజు కిందనుంచి ఒక్క కేకా లేదు. షాపుకు తాళం వేయకపోయినా తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. పాత కంప్యూటరులో ఉన్నదంతా కొత్త సిస్టమ్‌లోకి మార్చే రోజు అది. అటక మీది సరుకు చాలావరకు ఊరిచివర గోడౌనుకు వెళ్ళిపోయింది. మిగిలిన పెట్టెలకు స్టిక్కర్లు అంటించి పంపేస్తే, రేపట్నుంచి ఏ చెప్పు ఎక్కడుందో తెర మీదే కనబడుతుంది. కంతకు పలక కొట్టేస్తారు. పైవాడు కింద కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకు చెప్పులు తొడుగుతాడు. యజమాని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

కాబట్టి తన పని ఏమవుతుందన్న బెంగ అతనికి లేదు. బెంగంతా రేకు కిటికీ కింద ఉన్న చివరి అర గురించి. అదీ ఖాళీ కావాలన్న సంగతి ఇంట్లో భార్యకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక కాదు, ఉన్న ధైర్యం ఆమె మొహం చూడగానే ఎటో పోయేది.

పొద్దున బయల్దేరుతుంటే ఆమె మంచంమీదనుంచి రోజూ అనే మాటే అంది. "ఇవాళైనా నా సవతి వస్తుందేమో చూడయ్యా."

"వస్తే పంపించేస్తాన్లే" అన్నాడు అతను, రోజూ అనే మాటే.

ఈ సవతి కథ వాళ్ళ పెళ్ళికంటే పాతది. చిన్నప్పుడు జ్వరం తగిలి ఆమె కుడికాలు ఎదగడం మానేసింది. ఎడమ పాదం ఏడో నంబరు, కుడి పాదం ఐదు. పెద్ద చెప్పులో గుడ్డలు కుక్కుకుని పెరిగింది. ఒకరోజు ఆ షాపుకొచ్చి కూర్చుంది. సేల్స్‌మన్ ఆమె కాళ్ళు చూసి, "రెండు జతలు కొనాల్సిందే అమ్మా, వేరే దారి లేదు" అని పక్కవాడికి కన్ను గీటాడు. పైవాడికి అప్పుడు మీసం సరిగా రాలేదు. కంతలోంచి చూస్తున్నాడు. మనుషుల్ని పైనుంచి చూసేవాడికి మొహాలు కనబడవు, నడినెత్తీ, కాళ్ళూ కనబడతాయి. ఆ కాళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడానికి చేస్తున్న ప్రయత్నం చూశాడు. ఎవరూ అడక్కుండానే ఒక పెట్టె కిందికి వదిలాడు. అందులో ఒకే రకం చెప్పులు, ఎడమది ఏడు, కుడిది ఐదు.

ఆమె తలెత్తి కంతవైపు చూసింది. పెళ్ళయ్యాక కనబడినవాళ్ళందరికీ చెప్పేది: "పైనున్న ఆ పైవాడు నాకు కాళ్ళు తప్పు సైజులో పంపితే, ఈ పైవాడు సరిచేశాడు." షాపులోవాళ్ళు గంతకు తగ్గ బొంత అని నవ్వారు. అతనికి ఆ మాట ఎంతో నచ్చింది.

ఆ మొదటి పెట్టె పోగా ఎడమది ఐదూ, కుడిది ఏడూ మిగిలాయి కదా. అప్పటి పెద్ద యజమాని చూసి, "వీటినెవడు కొంటాడ్రా?" అని తిట్టాడు. "ఎవరో ఒకరు ఉంటారు సార్, ఆవిడకు తిరగేసి" అన్నాడు పైవాడు. పెద్దాయన నవ్వాపుకోలేక, "అయితే ఆవిడొచ్చేదాకా నీ దగ్గరే పెట్టు" అన్నాడు. భార్యకు చెప్పులు అరిగినప్పుడల్లా చివరి అరలోకి ఇంకో పెట్టె చేరేది. కంప్యూటరు వచ్చినప్పుడు వీటినెలా రాయాలని బిల్లింగావిడ తల పట్టుకుంది. చివరికి ఐదో నంబరు జతలో అర, ఏడో నంబరు జతలో అర అని కొట్టింది. ఆ పాత కంప్యూటరు నోట్లో నాలుక లేనిది, అర అంటే అర అనే రాసుకుంది.

భార్య మాత్రం ఆ తెలియని మనిషికి సవతి అని పేరు పెట్టేసింది. అది సరదాకే మొదలైనా సరదాగా ఆగలేదు. ఒకసారి చీకట్లో అతని చెయ్యి పట్టుకుని అంది. "ఆ పైనున్నవాడు నా దాంట్లో తగ్గించింది ఎవరికో ఒకరికి ఎక్కించి ఉంటాడుగా. ఊరికే పారేసి ఉండడుగా. ఆవిణ్ణొక్కసారి చూస్తే చాలు నాకు." ఇప్పుడామె గుండె అలిసిపోయింది. వైద్యుడు ఇంటికి తీసుకెళ్ళి ప్రేమగా చూసుకోమన్నాడు. అలాంటి మాట వైద్యులు ఎప్పుడంటారో అందరికీ తెలిసిందే. మంచం దిగకపోయినా సాయంత్రం అతను రాగానే ఆ ఒక్క ప్రశ్నా అడగడం మానలేదు.

సిస్టమ్ మార్చడానికి వచ్చిన అమ్మాయి చురుకైనది, నెమ్మదస్తురాలు. నిచ్చెన ఎక్కి, తలకు దూలం తగిలి, "అమ్మో" అని నవ్వింది. స్కానర్ కుయ్‌మనిపిస్తూ ఆమె ముందు, పెట్టెలు అందిస్తూ అతను వెనక. దూలం వెనక సందులోంచి ఆమె ఒక పెట్టె లాగింది.

"అంకుల్, ఈ నల్ల బూట్లు ఎనిమిదో నంబరువి లేవన్నారుగా?"

అతను పెట్టె చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! లేవని ఎంతమందిని తిప్పి పంపానో. ఆ పాపమంతా నాదే. నీ మిషను మంచిదమ్మా." నిజంగానే అన్నాడు. ఆమె మరీ పొంగిపోకుండా దానికి స్టిక్కరు అంటించింది.

మధ్యాహ్నం దాటాక చివరి అర దగ్గరికి వచ్చారు. ఆమె పైపెట్టె మూత తీసింది, ఇంకోటి తీసింది.

"ఇవన్నీ కలిసిపోయాయి అంకుల్. ఒకటి ఐదు, ఒకటి ఏడు."

"కలిసిపోలేదమ్మా. అలాగే పెట్టాను."

ఎందుకో చెప్పాడు. ఆమె నవ్వకుండా విన్నది. తెర మీద అర అని కొట్టింది. ఎర్ర గీత వచ్చింది. ఇంకో రకంగా కొట్టింది. మళ్ళీ ఎర్ర గీతే. కంతలోంచి కిందికి వంగి బిల్లింగావిణ్ణి అడిగింది.

"పాతదాంట్లో అర వేశానమ్మా. అదేమీ అనేది కాదు" అని కిందనుంచి జవాబు.

"ఇది జత అన్నా ఒప్పుకుంటుంది, సున్నా అన్నా ఒప్పుకుంటుంది అంకుల్. అర అంటే ఒప్పుకోవట్లేదు" అంది ఆ అమ్మాయి, తప్పు తనదే అన్నట్టు.

యజమాని నిచ్చెన చివరిదాకా ఎక్కి తల మాత్రం పైకి పెట్టాడు. పసివాడుగా ఉన్నప్పుడు ఈ అటక మీదే పెట్టెలతో ఇళ్ళు కట్టి ఆడుకున్నవాడు.

"బాబాయ్, ఉంచాలనే ఉంది. అటకే ఉండట్లేదు కదా, ఎక్కడ పెట్టను? గోడౌనువాళ్ళు స్టిక్కరు లేనిది లోపలికి రానివ్వరు. కావాలంటే ఇంటికి పట్టుకెళ్ళు, అన్నీ నీవే."

ఇంటికి పట్టుకెళ్ళడానికి ఒక రిక్షా చాలు. కానీ ఆ పెట్టెలు ఇంటి గుమ్మం తొక్కాయంటే ఇక ఎవరూ రారని భార్యకు చెప్పినట్టే. ఎదురుచూపు షాపులోనే ఉండాలి, తలుపు తీసి ఉన్నచోట. పైవాడికి ఏడుపొచ్చింది. దుమ్ము పడ్డట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

"సున్నా వేసెయ్ అమ్మా" అన్నాడు.

పాత సామాను కొనేవాడి బండి వాకిట్లో ఉంది. కింద గోనెసంచి పరిచారు. అతను ఒక్కో పెట్టె కంతలోంచి వదిలాడు. పట్టుకునేవాళ్ళు లేరు. పడ్డ ప్రతిదీ చప్పుడు చేసింది. ఎర్రపూల పట్టీలవి, వానాకాలానికని కొన్న రబ్బరువి, చెల్లెలి పెళ్ళికని కొన్న మడమ ఎత్తువి. చివరి పెట్టె వదలబోయి ఆగాడు. గోధుమరంగు చెప్పులు, పక్కన చిన్న బకిల్‌తో. వాటి తోడువి ఇప్పుడు ఇంటి గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆమె వాటిని తొడగడం మానేసి చాలాకాలమైనా అతను రోజూ తుడుస్తాడు. ఆ పెట్టెను చంకలో పెట్టుకుని నిచ్చెన దిగాడు. దిగాక మోకాలు రుద్దుకోవడం కూడా మర్చిపోయాడు.

దారిలో సన్నటి జల్లు. పెట్టె తడవకుండా చొక్కాలో దూర్చుకుని నడుస్తూ, ఆమె అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాడు. ఇంకా రాలేదంటే అబద్ధం కాదు. కానీ ఇక వస్తుందన్న ఆశ తనకే లేకుండా ఆ మాటనడం ఎలా? ఉన్నదున్నట్టు చెప్పడం అంతకన్నా చేతకాదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. జన్మలో ఒక్క అబద్ధమూ సరిగా అతికించినవాడు కాదు.

పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురై, "పొద్దుట్నుంచి ఏమీ ముట్టలేదు అన్నయ్యా, మీకోసమే చూస్తోంది" అని చెప్పి వెళ్ళిపోయింది. అతను పెట్టెను బయటే, గోడవారగా, ఆమె చెప్పుల వెనక దాచి లోపలికెళ్ళాడు.

"వచ్చిందా నా సవతి?" గొంతు దారంలా ఉంది.

అతను తడిచొక్కా మేకుకు తగిలిస్తూ, గోడవైపు తిరిగే అన్నాడు. "వచ్చింది."

మంచం కిర్రుమంది. "ఏంటీ?"

"వచ్చిందంటున్నాగా. నిచ్చెన దిగి మరీ చూశాను."

"పట్టపగలు నిచ్చెన దిగావా? అయితే నిజమే." ఆమె కళ్ళు ఇంతయ్యాయి. "ఎలా ఉంది? నాకంటే బావుందా?"

"నీ అంత నోరు లేదు."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది. అతను వచ్చి వీపు నిమిరాడు.

"ఎడమది ఐదేనా? సరిగ్గా చూశావా?"

"నేనే తొడిగాను. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి."

"ఓహో! నా కాళ్ళు పట్టుకున్నది చాలక దాని కాళ్ళు కూడా పట్టుకున్నావన్నమాట." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎన్ని తీసుకుంది?"

"అన్నీ. ఒక్క పెట్టె మిగల్లేదు."

"ఎర్రపూలవి కూడానా?"

"అవే ముందు తీసుకుంది."

"పేరడిగావా?"

"మర్చిపోయాను."

"నీ మొహం. ఇన్నేళ్ళు కూర్చోబెట్టి పేరడగడం మర్చిపోతావా?" అంది గాని కోపం లేదు. కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. కన్నీళ్ళు చెవులమీదుగా దిండులోకి జారాయి. "ఉందన్నమాట, ఎక్కడా పోలేదన్నమాట" అంది. నమ్మిందో, అతనికోసం నమ్మినట్టు ఉందో, అతనికి ఎప్పటికీ తెలియలేదు.

"కాసిని పాలు వెచ్చబెట్టవయ్యా. ఆకలేస్తోంది."

ఆ మాటకే అతనికి ప్రాణం లేచొచ్చింది. పాలు కాచాడు, చక్కెర వేశాడు, గ్లాసులో చల్లార్చుకుంటూ తెచ్చాడు. ఆమె మొహం గుమ్మంవైపు తిరిగి ఉంది. పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. తర్వాత పిలవలేదు. దుప్పటి తొలగించి, చిన్న పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, పాలమీద మీగడ కట్టేదాకా అలాగే కూర్చున్నాడు.

తెల్లవారేసరికి మనుషులు రావడం మొదలైంది. యజమాని వచ్చాడు, బిల్లింగావిడ వచ్చి గోడకానుకుని ఏడ్చింది. అందరికీ చోటు చెయ్యాలని పక్కింటావిడ గుమ్మం ఊడ్చింది. గోడవారన జల్లుకు తడిసి నానిన అట్టపెట్టె కనబడితే విప్పింది. ఏ చెప్పుల పక్కన ఏవి ఉండాలో పాపం ఆమెకేం తెలుసు? సైజులు చూసి, చక్కగా సర్దింది.

ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తుంటే పైవాడు గుమ్మం దగ్గర ఆగాడు. గోడవారగా ఐదో నంబరు ఒక జత, ఏడో నంబరు ఒక జత ఉన్నాయి, ఒక్కో జతలో ఆమె నడిచి అరగదీసినది ఒకటి, ఎవరూ తొడగనిది ఒకటి.