ఒక మైకు పగ

నేను ఒక మైకుని. పుట్టింది మద్రాసులో, పెరిగింది దివిసీమలో, సుభానీ మైకుసెట్టు కొట్లో. పెళ్ళిళ్ళలో అబద్ధాలు, ఎన్నికల్లో అంతకంటే పెద్ద అబద్ధాలు మోశాను. అయినా ఎవరి మీదా పగ పెట్టుకోలేదు, ఉప్పెన వచ్చేదాకా.

ఉప్పెన తగ్గాక నన్ను సహాయ శిబిరంలో నిలబెట్టారు. తప్పిపోయినవాళ్ళని పేరుపేరునా పిలవడం నా పని. నాంచారమ్మ వచ్చింది. చేపలు పట్టుకునే వాళ్ళ పల్లెలో తనొక్కతే మిగిలింది.

"నీ మొగుడి పేరు చెప్పమ్మా," అన్నాడు సుభానీ.

"మొగుడి పేరు పెళ్ళాం నోటితో అంటుందా అన్నా? ఆయుష్షు తగ్గదూ?"

పేరు లేకుండానే పిలిచింది. "గెడ్డం మీద గాటున్నోడా! చేపలో ముల్లు తీసి నాకు పెట్టేవోడా! నీళ్ళు తీసేశాయి. తడిసిన పొయ్యి రాజేశాను. వచ్చెయ్యి!" గొంతు పోయేదాకా పిలిచింది. అతను రాలేదు.

దుప్పట్లు పంచడానికి వచ్చిన కవి శశాంకమూర్తి పక్కనే నిలబడి విన్నాడు. ఆమెకి దుప్పటి ఇచ్చాడు. ఆమె పిలుపు పట్టుకుపోయాడు.

ఏళ్ళు గడిచాయి. అతని ఉప్పెన కావ్యం పేరు మోగిపోయింది. మా ఊళ్ళోనే సన్మానం. నా ముందు నిలబడి, "గెడ్డం మీద గాటున్నోడా" అని ఎత్తుకున్నాడు. "ఇక్కడ ప్రియుడంటే సముద్రుడు. గాటంటే కెరటం. అంతా నా ఊహే!"

చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది. చెవులు చిల్లులు పడేలా కీచుమన్నాను. కవి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. సుభానీ కబురు పెడితే వచ్చిన నాంచారమ్మ ఆ సందులో వేదికెక్కేసింది.

"సముద్రుడా? నా మొగుణ్ణి మింగినోణ్ణే నాకు మొగుణ్ణి చేశావా?"

"సుభానీ, మైకు కట్టెయ్!" కవి అరిచాడు.

"స్విచ్చి పనిచెయ్యట్లేదండీ," అంటూ సుభానీ సౌండు పెంచాడు.

నాంచారమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుంది. "ఆవేళ పేరు పెట్టి పిలవలేదు. పిలిచుంటే ఎక్కడున్నా పలికేవాడేమో. ఇప్పుడింక తగ్గడానికి ఆయుష్షేదీ?" ఊపిరి పీల్చింది. "పోలయ్యా! మోకా పోలయ్యా!"

వీధివీధినా కట్టిన హారన్లన్నీ ఆ పేరే పలికాయి. జనం లేచి నిలబడ్డారు. కవి నన్ను లాక్కుని నేలకేసి కొట్టి, మెడలో దండతోనే మెట్లు దిగాడు. దారి ఇచ్చారు గానీ ఒక్కరూ నమస్కారం పెట్టలేదు.

ఇప్పుడు పాతసామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాన్ల మధ్య పడున్నాను. బాధేం లేదు. అతను ఏ ఊళ్ళో కావ్యం ఎత్తుకున్నా, ముందు వరసలోంచి ఎవరో ఒకరు అడుగుతున్నారట:

"పోలయ్య ఎవరండీ?"