పాసు సీటు

మా ఊరి విమానంలో ఎప్పుడూ సగం సీట్లు ఖాళీగానే ఉండేవి. కంపెనీకి అది కడుపుమంట. మా అక్కకు మాత్రం ఆ ఖాళీయే ప్రాణాధారం.

అక్క మొగుడు, అంటే మా బావ, విమానాశ్రయంలో టికెట్ల కౌంటర్ చూసేవాడు. నేను సామాన్లు ఎక్కించి దించేవాణ్ణి. సిబ్బంది ఇంటివాళ్ళకు కంపెనీ ఉచితంగా పాసు ఇస్తుంది. టికెట్టు కొన్నవాళ్ళంతా కూర్చున్నాక సీటు మిగిలితే పాసువాళ్ళు ఎక్కొచ్చు. కాన్సర్ మందు ఎక్కించుకోవడానికి అక్క నెలనెలా ఆ మిగిలిన సీట్లోనే కొండల అవతలి నగరానికి వెళ్ళొచ్చేది. రోడ్డు మీదైతే రోజంతా పడుతుంది. ఆ కుదుపులకు గట్టివాళ్ళకే పేగులు నోట్లోకొస్తాయి.

ఇంధనం ధర మండిపోతున్న ఆ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఒక కోటుబాబు దిగాడు. "ఈ సీజన్లో విమానం నిండిందా సరే. లేదంటే ఈ రూటు ఎత్తేస్తాం" అని చెప్పి, మేమిచ్చిన కాఫీ తాగి, అదే విమానంలో వెళ్ళిపోయాడు. ఆయనకు సీటు దొరకడానికి ఏ ఇబ్బందీ కలగలేదు లెండి.

ఆ రోజు నుంచి బావకు పూనకం వచ్చినట్టయింది. పిల్లల్ని విహారయాత్రకు విమానంలో తీసుకెళ్ళమని బడి పంతుళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. పెళ్ళివాళ్ళను వదల్లేదు. జన్మలో విమానమెక్కని బేకరీ ముసలాయన్ని, భార్యతో కలిసి నగరం చూసి రమ్మని ఒప్పించాడు. ఇంటింటికీ తిరిగి గొంతు పోగొట్టుకున్నాడు. ఇదంతా పెళ్ళాం కోసమేనని ఊరంతటికీ తెలుసు. ఆ జాలితోనే చాలామంది కొన్నారు. విమానం కిటకిటలాడింది. నా నడుము విరిగిపోతున్నా, నాకూ సంబరంగానే ఉండేది.

అక్క వెళ్ళాల్సిన రోజు వచ్చింది. తలకు రుమాలు కట్టుకుని, చిన్న సంచీతో కౌంటర్ ముందు నిలబడింది. బావ కంప్యూటర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్ళీ కంప్యూటర్ వైపు చూశాడు.

"సీటు లేదు" అన్నాడు.

"పోనీ, రేపు?"

"వారమంతా లేదు. అన్నీ నేనే అమ్మేశాను."

ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ టికెట్టు కొని విమానమెక్కిన పాపాన పోలేదు. అక్క కోసం ఒకటి కొని ఉంచాలన్న ఆలోచన బావకు రాలేదు, నాకూ రాలేదు. పాసులకు అలవాటుపడ్డ మా బోటివాళ్ళే ఇలాంటి తప్పు చేస్తారు.

"బుర్రుందా బావా నీకు? ఆ బేకరీ ఆయన్ని దించెయ్!" అని అరిచాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నోర్మూసుకోరా. కొన్నవాళ్ళని దించేస్తున్నారని తెలిస్తే రేపు ఇంకెవరు కొంటారు? విమానమే ఆగిపోతే వచ్చే నెల నేనెలా వెళ్ళాలి? ఈ ఒక్కసారికి బస్సులో పోతాలే."

బావ సెలవు పెట్టి వెంట వెళ్ళాడు. సగం దారిలోనే అక్కకు జ్వరం కాసింది. తట్టుకునే ఓపిక లేదని డాక్టర్లు మందు ఎక్కించకుండా ఆసుపత్రిలోనే ఉంచేశారు. అక్కడి నుంచి రోజురోజుకీ దిగజారిపోయింది.

ఈలోగా కంపెనీ నుంచి కబురొచ్చింది. విమానం నిండినందుకు చాలా సంతోషమట. అయితే ఈ ఇంధనం ధరల్లో నిండినా గిట్టుబాటు కావడం లేదట, రూటు ఎత్తేస్తున్నారట. ఆ సంతోషం తాలూకు మాట చదివినప్పుడు నాకు రక్తం ఉడికిపోయింది.

ఆఖరి విమానం మధ్యాహ్నం దిగింది. తిరుగు విమానం లేని ప్రయాణానికి ఎవరు కొంటారు? మెట్ల మీంచి బావ ఒక్కడే దిగాడు. అప్పటిదాకా ఆ మనిషిని నమిలి మింగేయాలన్నంత కోపంగా ఉన్నాను. ఆ మొహం చూశాక ఏడుపు ఆగలేదు.

చనిపోయినవాళ్ళకు పాసు చెల్లదు. అక్కను సరుకు కింద రాయించి తెచ్చాడు. నేను సామాన్ల అర తలుపు తీసి, పెట్టెను అంచుదాకా లాగాను. బావ వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు.

"పైన సీట్లన్నీ ఖాళీయేరా" అన్నాడు.