టేపు కొస

నోట్లో బ్రష్షు పెట్టుకుని వంటగదికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాడు స్టెప్నీ మాస్టారు. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటండీ, ఒకచోట నిలబడి తోముకుంటే పళ్లేమన్నా పారిపోతాయా అంది భార్య. ఆయన నురగ నోటితోనే ఏదో గొణిగి ఎడమ భుజం నలుపుకున్నాడు. లేచిన దగ్గర్నుంచీ అది ఒకటే లాగుతోంది. డాక్టరుకి చూపిద్దాం పదండి అందామె. రేపు, అన్నాడు. ఇవాళ కుదిరే పనా!

ఇవాళ ఆటగాళ్ల జాబితాలో ఆయన పేరుంది. రెండో గోల్‌కీపర్ జ్వరంతో మంచం పట్టాడు. ఉన్నపళంగా ఇంకొకడు దొరక్క పెద్ద కోచ్ ఈయన పేరు రాసేశాడు, అత్తెసరు జుట్టూ నెరిసిన గడ్డంతో సహా.

ఒకప్పుడు ఆయనా ఈ ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌కీపరే. కాకపోతే ఆయన ముందున్న కీపరుకి ఏళ్ల తరబడి జలుబైనా చెయ్యలేదు. మ్యాచ్‌కి ముందు ఆ మహానుభావుడికి బంతులు కొట్టి ఒళ్లు వేడెక్కించడం, ఆట మొదలవగానే బెంచీ మీద కూర్చుని తన ఒళ్లు చల్లార్చుకోవడం, ఇదీ ఆయన ఆటగాడి జీవితం. అసలు మ్యాచ్‌లో ఒక్క బంతీ పట్టలేదు. స్టెప్నీ అన్న పేరు అప్పుడు పడిందే. గోల్‌కీపర్లకి కోచ్ ఎప్పుడయ్యాడో ఆయనకే సరిగ్గా తెలీదు. ఒకరోజు వచ్చేసరికి తన జెర్సీ తగిలించే మేకుకి ఈల వేలాడుతోంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఈయనా అడగలేదు. అడగొద్దూ మనిషన్నాక!

బస్సులో ఎప్పట్లాగే మోకాలు ఆడిస్తూ కూర్చున్నాడు. ముందు సీట్లో ఉన్న పొడుగోడు, ఈయన చేతిలో తయారైన కీపరే, వెనక్కి తిరిగి, నా వెన్నుపూస మీద మీ మోకాలికేం పగ మాస్టారూ అని నవ్వాడు.

రెండో సగంలో పొడుగోడు ఎదుటివాడి కాళ్ల మీద పడి బంతి లాక్కున్నాడు. లేవబోయి చెయ్యి పొట్టకి అదుముకుని మోకాళ్ల మీద ఉండిపోయాడు.

"చూసి రండి మాస్టారూ," అన్నాడు పెద్ద కోచ్. "వాడివల్ల కాకపోతే మీరే దిగండి."

అప్పటికే ఆయన చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. ఎప్పుడు తొడుక్కున్నాడో ఆయనకే తెలీదు. టేపు చుట్ట పట్టుకుని పరిగెత్తాడు. గ్లవ్ తీసి చూస్తే పొడుగోడి చిటికెన వేలు వాచింది. ఆడించమన్నాడు, ఆడింది. బెణుకే. వీడివల్ల కాదు అని ఒక్క మాట అంటే చాలు, ఎవరూ మారుమాట్లాడరు. అనాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

పొడుగోడు మాస్టారి చేతుల గ్లవ్స్ చూశాడు. గొంతు తగ్గించాడు.

"దిగుతారా మాస్టారూ? నొప్పి ఎక్కువగా ఉందని చెప్తాను."

వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అడిగాడు. మాస్టారు గోలు స్తంభాల వంక చూశాడు. ఒకదాని దగ్గర పొడుగోడి నీళ్ల సీసా ఉంది. చూసీ చూసీ, పళ్లతో పట్టి గ్లవ్స్ లాగేశాడు.

"చెయ్యి ఇలా పెట్టు."

వాచిన వేలూ పక్క వేలూ కలిపి టేపు చుట్టి, కొరికి తెంపాడు. అంత హడావిడిలోనూ చుట్ట మీద మిగిలిన కొసని చిన్నగా మడిచాడు. ఈసారి అవసరమైనప్పుడు గోరుతో వెతుక్కోకూడదని, బెంచీ మీది రోజుల్నించీ ఉన్న అలవాటది.

గోలేమీ పడకుండానే ఆట ముగిసింది.

తిరుగు బస్సెక్కి భార్యకి ఫోను చేశాడు. ఆడారా అంది. లేదు, వాడి వేలు బాగానే ఉంది అన్నాడు. అయితే రేపు డాక్టరు, అందామె. సరే అన్నాడు, ఎప్పుడూ లేంది.

మోకాలు మళ్లీ మొదలైంది. అనవసరంగా వదిలేశాను. వాడే అడిగాడు కదా, వెధవ పెద్దరికం నాకెందుకు? అయినా బంతి పట్టగలిగే వేలది, పట్టలేదని ఎలా అంటాను? ఇలా అనుకుంటూ భుజం నలుపుకుంటూ, సీటులో అటు జరిగి ఇటు జరిగి కూర్చున్నాడు. టేపు చుట్ట చేతిలోనే ఉంది.

వంతెన దాటాక ముందున్న పొడుగోడి సీటు అదరడం ఆగింది. అమ్మయ్య, మాస్టారికి ఇన్నాళ్లకి కునుకు పట్టింది అనుకుని, ఆయనకి ఇరుకవుతుందేమోనని సీటు వెనక్కి వాల్చకుండా వాడూ కళ్లు మూసుకున్నాడు.

క్లబ్బు గేటు దగ్గర అందరూ దిగారు. పొడుగోడు మాస్టారూ అని పిలిచాడు. భుజం తట్టాడు. ఇంకోసారి పిలిచాడు. ఆ తర్వాత వాడు వేసిన కేకకి దిగినవాళ్లంతా మళ్లీ బస్సెక్కారు.

ఆయన్ని దించి తీసుకెళ్లాక సీటు మీద టేపు చుట్ట ఉండిపోయింది, గోరుకి వెంటనే అందేలా కొస మడిచి.