మధ్యాహ్నం బండి కబురు

సెరిజావా గవర్నరుగారింట్లో నేను పనిమనిషిని. టోక్యోలో మంత్రివర్గం మారినప్పుడల్లా మేం మూటలు కట్టేవాళ్లం. ఆరేళ్లలో నాలుగు ప్రాంతాలు తిరిగాం. బదిలీల జాబితా కోసం పత్రిక చూసి చూసి నాకు అక్షరాలు వచ్చాయి.

"గవర్నరింట్లో గోడకు మేకు కొట్టకే ఒసెకీ, ఊడబీకే తీరిక కూడా ఉండదు" అనేది నాలుగో చోట, ఓ మంచు ఊళ్లో, మా వంటమనిషి ఒతాత్సు.

ఆ మంచు ఊళ్లో మాత్రం అయ్యగారు రెండేళ్లు నిలిచారు, ఏటిగట్లు వేయించారు. ఫిబ్రవరిలో ఇంకా పెద్ద ప్రాంతానికి ఉత్తర్వు వచ్చింది.

బయలుదేరే రోజు పొద్దున్నే అమ్మగారికి తల తిరిగింది. ఎనిమిది గంటల బండికి కాదు, మధ్యాహ్నం బండికి వెళ్తున్నామని ఆఫీసులో చెప్పి రమ్మని అయ్యగారు నన్ను పంపారు. వెళ్తూ వంటింట్లోకి తొంగిచూశాను. ఒతాత్సుది ఆ ఊరే, మాతో రాదు. నా కోసం ముల్లంగి ఊరగాయ మూట కడుతోంది. ఇద్దరం ఏడుస్తూ కూర్చున్నాం. కబురు నా దగ్గరే ఉండిపోయింది.

స్టేషన్లో అయ్యగారికి వీడ్కోలు చెప్పడానికి మూడు వందల మంది బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఏడింటి నుంచి నిలబడ్డారు. వానా మంచూ కలిసి కురుస్తున్నాయి. గవర్నరుగారు ఎందుకు రాలేదని అడిగితే తొందరపెట్టినట్టవుతుందని అధికారులు ఊరుకున్నారు. పిల్లలను ఇంటికి పంపే ధైర్యం హెడ్మాస్టరుకు లేదు. ఒంటిగంటకు మేం వెళ్లేసరికి వాళ్ల పెదాలు నీలంగా ఉన్నాయి. అయ్యగారు టోపీ తీసి వంగి నమస్కరించారు. బండి కదిలింది.

పది రోజులకు పత్రికలో చదివాను. మిసావో అనే రెండో తరగతి పాప న్యుమోనియాతో పోయింది. పైవాళ్లు అయ్యగారిని సంజాయిషీ అడిగారు. మూడు రోజులు నాకు తిండి సహించలేదు. నాలుగో రోజు ఆయన గదిలోకి వెళ్లి, నేలకు తల ఆనించి, చెప్పేశాను.

ఆయన కలం కింద పెట్టారు.

"నిన్ననే రాసి పంపాను ఒసెకీ. కబురు పంపడం నేనే మరిచానని. రాజీనామా కూడా అందులోనే ఉంది."

"నేను వెళ్లి నిజం చెప్తాను అయ్యగారూ."

"చెబితే, పనిమనిషి మీదకు నెట్టాడంటారు. అయినా ఆ పిల్లలు తడిసి ముద్దయి ఉండటం నేను చూశాను కదా. ఎప్పుడొచ్చారర్రా అని ఒక్క మాట అడగలేదు. బండెక్కేశాను. ఇక వెళ్లు, ఈ మాట ఇంకెక్కడా అనకు."

ఆయన ఇరవై రెండేళ్ల కొలువు అలా ముగిసింది. తప్పు ఒప్పుకున్నాడని పత్రికలు మెచ్చుకున్నాయి. మిసావో తల్లి మాత్రం ఆయన రాసిన ఉత్తరాన్ని విప్పకుండానే తిప్పి పంపింది. ఆ తిరస్కారం నిజానికి నాకు రావలసింది.

ఇప్పుడు అయ్యగారు లేరు. ఒతాత్సు ఎక్కడుందో తెలియదు. తప్పు సంగతి ఆయనకైనా చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నేను ఆయన గది తలుపు మూసి వసారాలోకి వచ్చినప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట.