మడ్డిలేని సరుకు

ఈ ఉదయం జలజ వదిలిన ఊపిరి చెదిరిపోదు. నోట్లోంచి తెల్లగా బయటికి వచ్చి, బల్లకు అవతల ఉన్న స్టూలు మీద కూర్చుంటుంది. జలజ గడియారం వైపు చూస్తుంది. మామూలుగా ఆవిరి పది అంకెలు లెక్కపెట్టే లోపల గాలిలో కలిసిపోవాలి. పావుగంట గడిచినా అది కూర్చునే ఉంది. ఆమె రిజిస్టరు తెరిచి, పదిహేడో తయారీకి ఎదురుగా "చెదరలేదు" అని రాసి, కింద గీత గీస్తుంది.

ఆమె పని రుచి చూడటం. హైవే పక్కన ఒకప్పుడు పొగాకు గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో ఇప్పుడు ఆవిరి ద్రవం తయారు చేస్తున్నారు. బ్యాటరీతో వేడెక్కే చిన్న గొట్టంలో దాన్ని పోసుకుని, సిగరెట్టుకు బదులు పీలుస్తారు. ఈ దేశంలో అమ్మకూడని సరుకు అది. సీసాలు ఎటు పోతాయో లోపల ఎవరూ అడగరు. అడగాలని అనుకున్నవాళ్ళకు గుమ్మం దాటగానే ఆ మాట గుర్తుండదు.

జలజ ఇదే గోదాములో పద్నాలుగేళ్ళు పొగాకు ఆకు గ్రేడింగ్ చేసింది. పంతొమ్మిదేళ్ళ వయసులో వచ్చినప్పుడు ఆమెకు ఆకుకూ ఆకుకూ తేడా తెలిసేది కాదు. పక్కన కూర్చునే మస్తాన్‌బీ ఆమె కళ్ళు కొంగుతో కట్టి, ఒక్కొక్క ఆకూ ముక్కు దగ్గర పెట్టి నేర్పింది. బాగా మగ్గిన ఆకు ఎండుగడ్డిలా ఉంటుందనీ, తేమ చేరిన ఆకు తడిసిన గోనెలా ఉంటుందనీ, ఎక్కువ కాగిన ఆకు చెప్పకుండానే గొంతులో గీరుతుందనీ చెప్పింది. ఆ ముక్కు పుణ్యాన జలజ ఇవాళ ఈ బల్ల ముందు కూర్చుంది.

మంచి ద్రవం ఎలా ఉండాలో మేనేజరు పానకాలరావు మొదటి రోజే చెప్పారు. పల్చబడితే సీసా కారుతుంది. చిక్కబడితే గొట్టంలోని దూది తడవక మాడు వాసన కొడుతుంది. తీపి ఎక్కువ పోస్తే గొట్టంలో వేడెక్కే తీగ మీద నల్లగా పెచ్చు కడుతుంది. నూనె చుక్క కూడా తగలకూడదు, అది ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. నికోటిన్ లేబుల్ మీద ఎంత రాసి ఉంటే లోపల అంతే ఉండాలి. మొదటి సీసా ఎలా ఉంటే పదివేలో సీసా అలాగే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, లేబుల్ మీద లేనిది సీసాలో ఉండకూడదు.

చివరి పరీక్ష ఆయనే స్వయంగా చేస్తారు. సీసా వెనక ఆ రోజు పేపరు పట్టుకుని, ద్రవంలోంచి చూస్తూ అక్షరాలు చదువుతారు. ఒక్క అక్షరం మసకగా కనిపించినా ఆ తయారీని వెనక కాలవలో పారబోయిస్తారు.

పదిహేడో తయారీలోంచి ఆయన పొద్దున పేపరు మొత్తం చదివారు. లోపలి పేజీల్లో సంతాప ప్రకటనలు కూడా చదివారు. తర్వాత సీసా జలజ ముందు పెట్టి, పని ముగిసే సైరన్ మోగేలోగా సంతకం కావాలన్నారు.

జలజ రెండోసారి పీలుస్తుంది. గొంతు గీరదు. మాడు వాసన లేదు. నాలుక మీద జిడ్డు లేదు. లేబుల్ మీద రాసినట్టే మామిడి వస్తుంది, కొంచెం ఏలకులు వస్తాయి. ఇంతకాలంలో ఆమె చూసిన వాటిలో ఇదే మేలైన సరుకు. ఊపిరి వదలబోతుండగా మామిడి కింద ఇంకో రుచి తగులుతుంది.

అది తడి మట్టినేల మీద పరిచిన చాప. దాని మీద ఎవరో బిడ్డకు పాలిస్తున్నారు. పక్కన కొబ్బరినూనె గిన్నె ఉంది. బిడ్డ తల మీద వెచ్చగా అరచెయ్యి ఉంది. ఆ చేతికి పొగాకు ఆకు వాసన. ఆ వాసన జలజకు తెలుసు. పద్నాలుగేళ్ళు ఆ చేతి పక్కనే కూర్చుంది.

రెండో ఊపిరి కూడా చెదరదు. స్టూలు మీద మొదటి ఊపిరి పక్కకు జరిగి దానికి చోటిస్తుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ మస్తాన్‌బీ ఇప్పుడు తను పనిచేసే వడపోత గదిలోంచి వస్తుంది. ఆ గది పొడవు మొన్న పన్నెండు అడుగులు. ఇవాళ దాన్ని దాటి రావడానికి ఆమె పొద్దున పది గంటలకే బయలుదేరాల్సి వచ్చిందట. ఆ సంగతి ఎండ గురించి మాట్లాడినట్టు చెప్పి, కింద పేపరు పరిచి క్యారేజీ విప్పుతుంది.

ఆమె అన్నం కలుపుతుంటే చేతి కింద ఉన్న పేపరు జలజకు కనిపిస్తుంది. చెయ్యి అడ్డం ఉంది. అయినా అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. జిల్లాలో వర్షపాతం వివరాలు జలజ చివరిదాకా చదువుతుంది.

"అక్కా, లోపల నీతో ఏం పని చేయిస్తన్నారు?"

"పనేముంది? గొట్టం నోట్లో పెట్టుకోని కూర్చోమంటారు. ఆ నీళ్ళు లోపలికి పోతయ్యి, బయటికొస్తయ్యి. మిషను కంటే మనిషిలో బాగా వడకడద్దంట. మడ్డంతా నాలో ఆగిపోద్దంట."

"మరి నీ చెయ్యేందక్కా ఇట్టా తేలిపోయింది?"

మస్తాన్‌బీ చెయ్యి ఎత్తి వెలుతురుకు పట్టి చూసుకుంటుంది. తర్వాత మళ్ళీ అన్నం కలుపుతుంది. దగ్గు పోయిందని చెబుతుంది. గోదాములో దుమ్ము మింగి మింగి పట్టిన ఇరవై ఏళ్ళ దగ్గు, ఏ డాక్టరూ తగ్గించలేకపోయాడు. ఇక్కడ తొమ్మిది రోజుల్లో పోయింది. రాత్రుళ్ళు ఒకే నిద్ర. ఛాతీలో ఏమీ లేనట్టు ఉంటుందట. ఆమె ముఖం హాయిగా ఉంది.

"షంషాద్ ఎట్టా ఉంది?" అని అడుగుతుంది జలజ. షంషాద్ మస్తాన్‌బీ ఒక్కగానొక్క కూతురు, కందుకూరులో నర్సు.

"ఎవురు?" అంటుంది మస్తాన్‌బీ మర్యాదగా.

మిగిలిన అన్నం ఇద్దరూ తింటారు. మడ్డి మస్తాన్‌బీలో ఆగడం లేదు. ఆమెలో ఉన్నదే ద్రవంలోకి దిగుతోంది. ఆ సంగతి ఇప్పుడు జలజకు తెలుసు. ఆ చాప మీద పాలు తాగిన బిడ్డ ఎవరో కూడా తెలుసు. మస్తాన్‌బీ లేచి, క్యారేజీ మూత పెట్టకుండానే, పొడవాటి గదిలోకి నడుచుకుంటూ పోతుంది. చాలాసేపు పోతూనే ఉంటుంది.

సాయంత్రం నాలుగింటికి జలజ పానకాలరావు గదికి వెళ్ళి, నిలబడే చెబుతుంది. సరుకు బాగుంది, కానీ లేబుల్ మీద లేనిది ఒకటి సీసాలో ఉంది. ఆయన చెప్పిన లెక్క ప్రకారమే అది పనికిరాదు.

పానకాలరావు కోప్పడరు. ఆయన ఎప్పుడూ కోప్పడరు. పెన్ను మూత తీసి, ఖాళీ లేబుల్ ఒకటి ముందుకు లాగుతారు.

"న్యాయమే అమ్మా. లేనిది ఏదో చెప్పండి, రాసేద్దాం. ఆవిడ పేరేంటి?"

జలజ నోరు తెరుస్తుంది. ఆయన పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నారు. ఆ పెన్నులో ఉన్నది సిరా కాదు. నీళ్ళలా తేటగా ఉంది. ఆమె నోరు మూసుకుంటుంది.

"మంచిది. ఒకసారి రాశామంటే ఆ పేరు సీసాలోదే అయిపోతుంది, మళ్ళీ మనిషికి ఇవ్వలేం. రాయకపోతే మీరు సంతకం చెయ్యనంటున్నారు. సంతకం లేని సరుకు కాలవలో పోస్తాం. మీ ఇష్టం అమ్మా."

సైరన్ మోగడానికి గంట టైముందని ఆయన గుర్తుచేస్తారు.

జలజ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. సంతకం పెడితే మస్తాన్‌బీ పదివేల సీసాల్లో పదివేల దిక్కులకు పోతుంది. పెట్టకపోతే కాలవ వెంట సముద్రానికి పోతుంది. స్టూలు మీద రెండు ఊపిరులూ ఆమె వైపే చూస్తున్నాయి. ఆమె సంతకం పెట్టకుండా రిజిస్టరు మూసి లేస్తుంది. అవి కూడా లేస్తాయి.

వడపోత గది ఆమె నడిచేకొద్దీ సాగుతుంది. ట్యూబులైట్లు తలమీదుగా వెనక్కి పోతుంటాయి. సగం దూరంలో కాళ్ళు నొప్పి పుట్టి ఆగుతుంది. ఆగినప్పుడు గది కూడా ఆగుతుంది. అప్పుడు అర్థమై, అడుగులు చిన్నవి చేస్తుంది. గది మోసపోయి పొట్టిదవుతుంది. ఇంకో ఏడడుగుల్లో స్టీలు ట్యాంకు ముందు ఉంటుంది.

ట్యాంకు పక్కన కుర్చీలో ఒక ఆకుపచ్చ చీర కూర్చుని ఉంది. చీరలో మనిషి ఉందని మడతల్ని బట్టి తెలుస్తుంది. ఒక గొట్టం గాలిలో ఆగి ఉంది, నోరు ఉండాల్సిన చోట. గొట్టంలో ద్రవం వెలుతురులా కదులుతోంది. జలజ తాకి చూస్తుంది. భుజం చల్లగా, నునుపుగా, అద్దంలా ఉంది.

"అక్కా" అని పిలుస్తుంది. చీర కొద్దిగా తల తిప్పుతుంది. పిలిచింది తననేనా అన్నట్టు మళ్ళీ అటు తిరుగుతుంది.

జలజ ఏడవదు. మంచి సరుకు ఎలా ఉండాలో తెలిసిన మనిషికి అది ఎలా చెడుతుందో కూడా తెలుసు. ట్యాంకు మూత ఎత్తుతుంది. జడ విప్పి, కొబ్బరినూనె రాసుకున్న వెంట్రుకలు ద్రవంలో ముంచుతుంది. రంగురంగుల నూనె రేకు ఒకటి పైన తేలుతుంది. కొంగు చివర్న ముడి ఉంది. పాత గోదాము రోజుల నుంచీ, ఎన్నిసార్లు ఉతికినా, ఆ ముడిలో పొగాకు దుమ్ము మిగిలే ఉంటుంది. దాన్ని విప్పి దులుపుతుంది. గోళ్ళ సందుల్లో గోంగూర పచ్చడి కడుగుతుంది. మెడ మీది చెమట తుడిచి పిండుతుంది. ఉమ్మేస్తుంది.

ద్రవం మసకబారుతుంది గాని, చాలదు. అడుగున ట్యాంకు స్టీలు ఇంకా కనిపిస్తోంది.

అప్పుడు వెనక నిలబడ్డ ఊపిరులు రెండూ ముందుకు వస్తాయి. వాటికి ఎవరూ చెప్పలేదు. మొదటిది ట్యాంకు అంచు ఎక్కి దిగుతుంది. రెండోది దాని చెయ్యి పట్టుకుని దిగుతుంది. జలజ ఛాతీలోంచి ఇంకొకటి, తర్వాత ఇంకొకటి, ఆమె పుట్టినప్పటి నుంచీ తీసుకున్నవన్నీ వరసగా బయటికి వచ్చి, అరుపూ తొందరా లేకుండా దిగుతూ పోతాయి. చివరిది చాలా చిన్నది. అప్పుడే పుట్టిన పిల్లదానిలా ఉంది. జలజ దాన్ని ఎత్తి దించుతుంది.

ట్యాంకు విరిగిన పాలలా అవుతుంది.

మసక గొట్టంలోకి ఎక్కి, మెల్లగా కుర్చీ వైపు పోతుంది. గాలిలో ఒక గొంతు కనిపిస్తుంది, నల్లగా, నరాలతో. తర్వాత గడ్డం. పొగాకు మరకల వేళ్ళు. ముఖం చివర్న వస్తుంది. రాగానే దగ్గు మొదలవుతుంది. మస్తాన్‌బీ గొట్టం ఊసి, ముందుకు వంగి, పాత గోదాము అదిరేట్టు దగ్గుతుంది.

"ఏందే జలజా, గొంతులో ఇంత మసి" అంటుంది ఊపిరి ఆడక. "షంషాద్‌కి ఫోను చెయ్యాల. దానికియ్యాళ డ్యూటీ ఉందో లేదో."

జలజ ఆమె వీపు నిమురుతుంది. నిమురుతూ ఒక సంగతి గమనిస్తుంది. మస్తాన్‌బీ వీపు లేచి పడుతోంది. తన ఛాతీ మాత్రం కదలడం లేదు. కష్టంగా ఏమీ లేదు. అద్దె గది ఖాళీ చేసినట్టు లోపల నిశ్శబ్దంగా ఉంది. మాట్లాడితే మాట వస్తుంది, వెచ్చదనం రాదు.

పానకాలరావు వచ్చి ట్యాంకులోకి చూస్తారు. ఒక సీసా నింపి, దాని వెనక పేపరు పట్టుకుని ఒక్క అక్షరమైనా కనిపిస్తుందేమోనని వంగుతారు. కనిపించదు. పేపరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటారు. ఇద్దరికీ గేటు పాసులు రాసిస్తారు.

"నన్నేమన్నా చెయ్యండి సార్, ఆమెను మాత్రం మళ్ళీ పిలవబాకండి" అంటుంది జలజ.

"ఎవరినీ ఏమీ చెయ్యం అమ్మా." ఆయన గొంతు నిజంగానే దయగా ఉంది. "ఇది చిన్న గది. ఇక్కడ తీసేది నమూనా. నమూనా పాడైనంత మాత్రాన అసలు పని ఆగదు."

సైరన్ మోగుతుంది. ఇద్దరూ గేటు దాటి హైవే మీదికి వస్తారు. పొద్దు ఇంకా కుంగలేదు. బస్‌స్టాపులో టీ కాచే ఆమె ఉంది, అరటిపళ్ళ బండి ఉంది, నలుగురు మనుషులు ఉన్నారు. మస్తాన్‌బీ దగ్గుతూ, మధ్య మధ్యలో తిడుతూ, జలజ చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. చెయ్యి ఇంత చల్లగా ఉందేంటని అడుగుతుంది. సమాధానం వినకుండానే తన రెండు చేతుల మధ్యా పెట్టి రుద్దుతుంది.

పడమట ఉన్న కొండ కొన ఎర్రబడుతుంది. నిప్పు అంటుకున్నట్టు కాదు. లోపలినుంచి, నెమ్మదిగా, ఎవరో పీలుస్తున్న గొట్టంలో తీగ వేడెక్కినట్టు. అది ఎర్రగా ఉన్నంతసేపూ ఊరంతా కొంచెం పైకి లేచి అటు వంగుతుంది. కరెంటు తీగలు, పెంకులు, గేదెల తోకలు, అన్నీ పడమటికి సాగుతాయి. టీ ఆమె అలవాటైన చేత్తో గ్లాసుల మీద పళ్ళెం బోర్లిస్తుంది. బండివాడు అరటిగెల మీద బరువు పెడతాడు. కొండ చల్లారుతుంది. ఊరు మళ్ళీ నేల మీద కూర్చుంటుంది.

రెండోసారి ఎరుపు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. మస్తాన్‌బీ దగ్గు సగంలో ఆగి, గొంతులోంచి బయటికి వచ్చి, గాలిలో అటు కొట్టుకుపోతుంది. ఆమె దాని వంక చూస్తూ నిలబడుతుంది.

మూడోసారి రోడ్డు చివర ఉన్న ఇళ్ళు, ఆరేసిన బట్టలతో, అరుగుల మీద కూర్చున్న మనుషులతో, పల్చని తెల్లని పాయలుగా సాగి కొండ కిందికి దూరుతాయి. అరుగుల మీది వాళ్ళు లేవరు. ఒకామె సాగిపోతూనే బియ్యంలో రాళ్ళు ఏరుతుంటుంది. బస్సు సరిగ్గా వేళకు వస్తుంది. దానికి ముందు అద్దం లేదు, ఆ చోట రెండు పెద్ద పెదవులు ఉన్నాయి, ఇంకా మూసే ఉన్నాయి. స్టాపులోని నలుగురూ, వాళ్ళ వెనక జలజా మస్తాన్‌బీ, వరసలో నిలబడతారు.