పాలు పొంగిన ఇల్లు

మూడో తరగతి గదిలో చివరి బల్ల కింద అంటుకున్న బబుల్‌గమ్మును ఈదమ్మ చెంచా కాడతో గీకుతోంది. దసరా సెలవుల్లో పిల్లలు పోతారు గాని వాళ్ల ఆనవాళ్లు ఎక్కడికీ పోవు. పెన్సిలు చెక్కులు, చాక్లెట్ కాగితాలు, గోడ మీద సిరా చేతులు. సెలవుల్లో ఆయాకు తీరికే కదా అని హెడ్మాస్టరు సారు నవ్వుతూ అన్నాడు. ఆయన దృష్టిలో తీరిక అంటే అన్ని గదులూ ఫినాయిలు వేసి కడగడం.

ఈదమ్మ పొట్టి మనిషి. ఫినాయిలుకు ఒరిసి గోళ్లు తెల్లబడ్డాయి. కమ్మలుండాల్సిన చెవుల్లో చీపురుపుల్లలున్నాయి. కూర్చుని లేవాలంటే ముందు ఒక అరచెయ్యి నేలకు ఆనించి, కాసేపు అలాగే ఆగి, అప్పుడు లేస్తుంది. బడిలో ఆమె పేరు తెలిసినవాళ్లు లేరు, ఆయా అంటే పలుకుతుంది. ఇంట్లో మొగుడు వీరేశం 'ఓయ్' అని పిలిచేవాడు. ఈమధ్య ఆ ఒక్క మాటకూ ఓపిక లేక మంచం పట్టెను గోటితో కొడుతున్నాడు.

బకెట్టు బోర్లించి, తాళాలు వాచ్‌మన్‌కు ఇచ్చి, పైట దులుపుకుని బయటపడింది. మధ్యాహ్నం ఇల్లు మారాలి. పండుగకని నల్గొండ జనమంతా సొంతూళ్లకు బస్సులెక్కుతుంటే ఈమె ఒక కిరాయి ఇంట్లోంచి ఇంకో కిరాయి ఇంట్లోకి పోతోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

వీరేశం రైసుమిల్లు హమాలీ. వయసంతా బస్తాల కిందే గడిచింది. మెడ వెనక చర్మం మడమలా గట్టిపడింది. పోయిన ఎండాకాలం కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాదు పెద్ద దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. డాక్టరుకేం, ఇంటికి అనేశాడు. ఏ ఇంటికో చెప్పలేదు.

కిరాయి ఇంట్లో పుట్టవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, మొగుడూ పెళ్లాలు గిన్నెలు విసురుకోవచ్చు. చావడానికి మాత్రం వీల్లేదు. ఎక్కడా రాసి ఉండదు గాని, ఇచ్చేవాళ్లకూ తెలుసు, తీసుకునేవాళ్లకూ తెలుసు. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఇంటివాళ్లు కూడా తాళం వేసుకుని నెలల తరబడి బయట ఉండాలి. అందుకని కొనప్రాణం మీదున్న మనిషిని ముందే వాకిట్లోకి తెస్తారు. వాకిలి కూడా ఓనరుదే అయితే రోడ్డు మీదికి తెస్తారు. వాళ్లుండే వీధిలోనే ఒక మేస్త్రీని అట్లా మోరీ పక్కన టెంటు కింద పడుకోబెట్టారు. వాన పడి, టెంటు అంచు నుంచి నీళ్లు పీనుగ కాళ్ల మీదికి కారుతూ ఉన్నాయి. చూసి వచ్చిన వీరేశం ఆరోజు అన్నం ముందు కూర్చుని చాలాసేపు మెతుకు ముట్టలేదు.

"నన్ను గట్ల పండవెట్టకు" అన్నాడు. "ఏదో ఒక కప్పు కింద పోనియ్యి."

కాపురం చేసినన్నాళ్లూ ఆయన పెళ్లాన్ని అడిగినవి ఉల్లిగడ్డా, పచ్చిమిరపకాయా. ఇంత పెద్ద కోరిక అడగడం అదే మొదలు. సొంతూళ్లో కప్పు లేదు. నార్కట్‌పల్లి అవతల వాళ్ల మట్టి ఇల్లు వానలకు కూలి తుమ్మచెట్లు మొలిచాయి. ఒక్కగానొక్క కూతురు భాగ్యశ్రీ హైదరాబాదులో బట్టల దుకాణంలో పని చేస్తుంది. పండుగ గిరాకీలో సెలవివ్వరు. అక్కడ ఆమె ఉండేది కూడా హాస్టలులో ఒక మంచమే.

ఇంటికి వచ్చేసరికి మల్లేశ్ ట్రాలీ ఆటో వాకిట్లో ఉంది. మిల్లు బియ్యం తోలేవాడు, వీరేశాన్ని అన్నా అని పిలిచేవాడు. ఇనుప మంచం, ట్రంకుపెట్టె, కూలరు, బిందెలు అప్పటికే ఎక్కించాడు. ఇన్నేళ్ల సంసారం ట్రాలీలో సగం కూడా నిండలేదు. మిగిలిన సగంలో పరుపు వేశారు.

ఓనరు గోవిందమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె చెడ్డది కాదు. వీరేశానికి జావ కాచి పంపిన రోజులున్నాయి.

"ఏమనుకోకు ఈదమ్మా. సద్దుల బతుకమ్మకు బిడ్డలు, అల్లుండ్లు వస్తరు. పండుగ పూట ఏమన్నయితే వాళ్లను యాడ వెట్టుకోను?"

"నేనేమంటి పటేలమ్మా."

"ఇయ్యాల అలిగిన బతుకమ్మ. ఆడోళ్లెవ్వరు ఆడరు, బజార్ల జనముండరు. ఎవల కంట వడకుండ పోవచ్చు." ఈదమ్మ నుదుట బొట్టు పెట్టి, చేతిలో రవికె గుడ్డ ఉంచింది. "ముత్తయిదువను ఉత్తచేతుల పంపొద్దు."

ఆరో రోజు బతుకమ్మ అలిగిందని పూలు పేర్చరు. దేవతకు అలగడానికి ఒక రోజు ఇచ్చారు, ఈదమ్మకు అది కూడా లేదు. బొట్టు మీద చెమట కారకుండా వేలితో ఒత్తుకుంది. మొగుణ్ణి బయటికి తోలుతూ ముత్తయిదువ అంటున్నందుకు ఆమెకు ఒళ్లు మండింది. పైకి మాత్రం వంగి గోవిందమ్మ కాళ్లకు మొక్కింది.

మల్లేశ్, ఆమె కలిసి వీరేశాన్ని పరుపు మీదికి చేర్చారు. తలను ఒళ్లో పెట్టుకుని ఆమె కూలరుకు ఆనుకుని కూర్చుంది. కొత్త ఇల్లు ఊరికి ఆ చివర, హైదరాబాదు రోడ్డు వైపు. ఓనరు నాగులమ్మ ముసలామె. ఏం కులమని కూడా అడగలేదు. మీ ఆయన పని చేయడా అంటే నడుం నొప్పి అని ఈదమ్మ చెప్పింది. అడిగినవాళ్లందరికీ నిజం చెప్పి, నాలుగు వీధుల్లో లేదనిపించుకున్నాక నేర్చుకున్న అబద్ధం అది.

గడియారం సెంటరులో బట్టల దుకాణాల ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ట్రాలీ ఆగింది. వీరేశం కళ్లు తెరిచాడు.

"యాడికొచ్చినం?"

"గడియారం కాడికి. ఇగ దగ్గరనే."

"రేకులా?"

"రేకులు గాదు. స్లాబు."

"స్లాబా" అన్నాడు. పెదాలు కొంచెం సాగాయి. పుట్టినప్పటి నుంచీ తాటికమ్మలు, రేకులు తప్ప ఎరగనివాడు.

ఆటో కదిలి, మళ్లీ ఆగి, మళ్లీ కదిలింది. ఒళ్లో తల బరువు మారడం ఈదమ్మకు తెలిసింది. వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేకపోయింది. పక్కన స్కూటరు మీద ఒకామె కొత్త చీరల సంచులు ఒళ్లో పెట్టుకుని ఫోనులో నవ్వుతోంది.

ఏడిస్తే ఇల్లు పోతుంది. అరచేత్తో ఆయన కళ్లు మూసి, దుప్పటి గడ్డం దాకా లాగి, ముఖం కప్పకుండా వదిలేసింది. నిద్రపోయే మనిషి ముఖం కప్పరు. లోపలికి తీసుకుపోయి పడుకోబెడితే చాలు, చీకటి పడ్డాక ఏడవవచ్చు. ఆయన అడిగింది కప్పు ఒక్కటే. కొద్దిగా ముందు పోయాడు, అంతే.

నాగులమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. వెనక మెట్ల మీద ఆమె కూతురు కోమల, నెలలు నిండిన మనిషి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"సామాను తర్వాత దించుకుందువు గాని, ముందుగాల పాలు పొంగియ్యి బిడ్డా. మా బర్రె పాలే తెచ్చిన, గిన్నె గూడ కొత్తదే."

మల్లేశ్ గ్యాసు పొయ్యి దించాడు. ఖాళీ గదిలో సున్నం వాసన. ఈదమ్మ పొయ్యి ముందు కూర్చుని తల పైకెత్తి స్లాబు చూసింది. చదునుగా, తెల్లగా, ఎక్కడా చెమ్మ లేదు. గీసిన అగ్గిపుల్ల గీసినట్టే ఆరిపోతుంటే నాగులమ్మే వెలిగించింది. పాలు ఉబ్బి, గిన్నె అంచు దాటి ఒక పక్కకు కారాయి.

"తూర్పు దిక్కు పొంగినయి! నీకు మంచిగైతది." ముసలామె ముఖం వెలిగిపోయింది. "మా కోమల గూడ ఇయ్యాలో రేపో నీళ్లాడుతది. ఇంట్ల సందడే సందడి."

"అవ్వా, అన్న ఎండల పండుకున్నడు. లోపటికి తేరాదుండ్రి" అంది కోమల బయట నుంచి.

నాగులమ్మ గ్లాసులో పాలు ఒంపింది. "పొంగిన పాలు మొగోడు ముందుగాల తాగాలె. నేనే తాపిస్త తియ్యి" అంటూ గడప దాటింది. ట్రాలీ దాకా పోయి, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో వీరేశం తల లేపబోయింది.

"ముట్టుకోకవ్వా."

ఈదమ్మ పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకుంది. జరంత నిద్రపోనియ్యవ్వా అంటే సరిపోయేది. ఆ మాటే అనాలనుకుంది. మెట్ల మీద కోమల కడుపు మీద చెయ్యి వేసుకుని ఇటే చూస్తోంది.

"తాగడవ్వా. గడియారం కాడనే పోయిండు."

మల్లేశ్ స్టీరింగు దగ్గర నుంచి దిగి నిలబడిపోయాడు. గ్లాసులో పాలు నాగులమ్మ చేతి మీదికి తొణికాయి. కూతుర్ని లోపలికి పొమ్మని సైగ చేసి, ఆమె గేటు పక్కన నేల మీద కూలబడింది.

"ఎంత పని జేస్తివి బిడ్డా." కొంగు నోట్లో కుక్కుకుంది. "పొమ్మన నోరొస్తలేదు. ఉండుమన పానం ఒప్పుతలేదు. పురుటి మనిషున్నది ఇంట్ల."

"నువ్వనొద్దవ్వా. మేమే పోతం."

సిగ్గుతో ఈదమ్మ తల ఎత్తలేదు. ఆయన కోరిక తీర్చలేకపోయినందుకా, ఈ ముసలామెను మోసం చేయబోయినందుకా, ఆమెకే తెలియలేదు. మల్లేశ్ పొయ్యి మళ్లీ ఎక్కించాడు.

"యాడికి వదినె?"

"ఊరికి పోనియ్యి. ఇల్లు లేకున్నా మనోళ్లను వెట్టిన బొందలగడ్డ ఉన్నది గద. ఆడ ఎవలు పొమ్మనరు."

ట్రాలీ మలుపు తిరుగుతుంటే ఎండ నేరుగా వీరేశం ముఖం మీద పడింది. ఈదమ్మ కొంగును రెండు చేతులతో పట్టి అడ్డం పెట్టి, అప్పుడు గొంతు విప్పి ఏడ్చింది.

దీపాలవేళకు నాగులమ్మ గదికి తాళం వేయడానికి వచ్చింది. నేల మీద ఆ గిన్నె అలాగే ఉంది. పొంగిన పాలు పారబోయకూడదు, అవి తాగడానికి మనసొప్పదు. ఒకసారి వంగి, ముట్టుకోకుండానే తలుపు దగ్గరికి వేసింది. లోపల స్లాబు కింద, ఒక పక్క కారి ఎండిన చారతో పాలగిన్నె చల్లారి మీగడ కట్టింది.