దువ్వెన

మోకాలి ఆపరేషన్ అయి నాలుగో రోజు. పొద్దున్నే నర్సు చెయ్యి పట్టుకుని వార్డు తలుపు దాకా నడిచి వచ్చాను.

"మీ నాన్నగారికి చెప్తే ఎగిరి గంతేస్తారు," అంది నర్సు.

"చెప్పకండి."

"అదేం?"

నడవలేని నా పక్కన ఆయన ఎంతసేపు కూర్చుంటారో చూడాలనుంది. ఆ మాట పైకి అనలేదు. నలభై దాటినదాన్ని, వింటే నవ్వుతుంది.

నాన్న డ్రిల్లు మాస్టారు. రిటైరై పదేళ్లయినా స్టాప్‌వాచ్ ఇంకా ఆయన మెడలోనే ఉంది. చిన్నప్పుడు నేను పరుగుపందెం గెలిచిన మర్నాడు ఆయనే నాకు జడ వేసేవారు. ఓడితే అమ్మ వేసేది. ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. దువ్వెన ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలు, నాకు తెలిసిపోయేది.

పదింటికి వచ్చారు. "ఊఁ, లే. తలుపు దాకా."

"ఇవాళ నావల్ల కాదు నాన్నా. కాసేపు కూర్చోండి."

కూర్చున్నారు. పండు ఒలిచి ఇచ్చారు. కిటికీలోంచి చూశారు. నా వైపు చూడలేదు. గోడ గడియారంలో ఆరు నిమిషాలు గడిచాయి.

పక్క మంచం మీద సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న పన్నెండేళ్ల పిల్ల ఉంది. వాళ్లమ్మ మందులకి వెళ్లింది. ఆ పిల్ల చంక కర్రలు అందుకోవడం చూసి నాన్న లేచారు.

"తలుపు దాకా వెళ్లొస్తావా? నేను టైం చూస్తాను."

"చాక్లెట్ ఇస్తారా తాతగారూ?"

"ముందు నడు, తర్వాత బేరం!"

పిల్ల టకటకా వెళ్లొచ్చింది. "శభాష్ తల్లీ!" అన్నారు. ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో. తర్వాత దాన్ని మంచం మీద కూర్చోబెట్టి, సగం ఊడిన జడ విప్పి, దువ్వెన అడిగారు.

నేను కాళ్లు కింద పెట్టాను.

"నాన్నా, వాచీ నొక్కండి."

పళ్ల బిగువున నడిచాను. కుట్లు లాగుతున్నా ఆగలేదు. తలుపు ముట్టుకుని తిరిగొచ్చాను. గుమ్మంలో నర్సు మందుల ట్రేతో నిలబడి చూస్తోంది. తల దించుకున్నాను.

నాన్న వాచీ చూసి, "దీనికన్నా మూడు సెకన్లు ముందొచ్చావు తల్లీ!" అన్నారు.

కాలు విరిగిన పిల్లని ఓడించాను. మంచం అంచున కూర్చుని, జుట్టు ముడి విప్పుకుని, ఆయన వైపు వీపు తిప్పాను.